చిన్న గుట్టకు పసుపు

నేను సముద్రాన్ని చూసింది మొత్తం రెండుసార్లు. రెండోసారి వాన పడుతుంటే బస్సు కిటికీలోంచి చూశాను కాబట్టి ఒకటిన్నర సార్లు అనుకోవడం న్యాయం. అయినా ఆరేళ్ల పాటు నా చదువంతా సముద్రం అడుగునే సాగింది. ఫెలోషిప్ గడువు తీరి, హైదరాబాదులో హాస్టల్ ఖాళీ చేయించాక, కోరుట్లలో మా ఇంటి రేకుల వరండాలో చేరాను. అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని, ల్యాప్‌టాప్‌లో సముద్రపు నీళ్లను రాళ్లలోకి దింపుతూ, పైకి లేపుతూ ఉండేదాన్ని.

విషయం పెద్ద చిక్కుదేమీ కాదు. సముద్రం అడుగున ఉన్న రాతి పొర నిండా పగుళ్లు, సందులు. దాని మీద మెత్తటి మట్టి దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. ఆ మట్టిలోంచి నీళ్లు దిగవు. అక్కడక్కడా రాతి గుట్టలు మట్టిని చీల్చుకుని పైకి లేచి ఉంటాయి. సముద్రపు నీళ్లు ఒక గుట్టలోంచి లోపలికి దిగి, రాతి సందుల్లో ప్రయాణం చేసి, భూమి వేడికి వెచ్చబడి, ఎక్కడో దూరాన ఇంకో గుట్టలోంచి బయటికి వస్తాయి. ఏ గుట్టలో దిగుతాయి, ఏ గుట్టలో లేస్తాయి అన్నదే నా ప్రశ్న. పెద్ద గుట్టలో దిగి చిన్న గుట్టలో లేస్తాయని నా కంప్యూటర్ లెక్క చెప్పింది.

ఇది అమ్మకు చెబితే, చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ శ్రద్ధగా వింది.

"ఆ నీళ్లు ఎవలన్న తాగుతరా?"

"తాగరమ్మా."

"పొలాలకన్న పారుతయా?"

"పారవు."

"మరి ఏ గుట్టల కెల్లి లేస్తే ఏంది బిడ్డా మనకు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీకు చెప్పుడు నాదే తప్పు" అని లేచి లోపలికి పోయాను. ఆ సాయంత్రమే బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడు, "నా బిడ్డ సముద్రం కింది నీళ్లకు తొవ్వ సూపెడుతది" అని అమ్మ అక్కడున్న అందరికీ చెప్పిందట. ఆ సంగతి పక్కింటి చిన్నమ్మ మోసుకొచ్చింది. ఈమె మాకు చుట్టం కాదు. అమ్మ పక్కన కూర్చుని ఏళ్ల తరబడి బీడీలు చుట్టింది కనుక చిన్నమ్మ అయింది.

ఇక మా గైడు గారు. కోస్తా మనిషి, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవారు, అందుకేనేమో సముద్రం గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మరు. నా లెక్కలన్నీ చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కంప్యూటర్ మనం చెప్పమన్నదే చెబుతుందమ్మా. ఒక తొట్టిలో చేసి చూపించు. చూపించిన రోజు సంతకం పెడతాను."

ఆ నెలాఖరుకు ఆయన రిటైర్ అవుతున్నారు. ఆలోగా థీసిస్ మీద సంతకం పడకపోతే నాకు కొత్త గైడు, కొత్త అనుమానాలు, మళ్లీ మొదటి నుంచి. ఆరేళ్లు గంగలో కలిసినట్టే. ల్యాబులో తొట్టి పెట్టడానికి చోటు లేదన్నారు. ఇంతలో ఆయనే ఒక మాట అన్నారు. "జగిత్యాలలో మా పాత విద్యార్థి పెళ్లి ఉంది. కోరుట్ల పక్కనేగా, పొద్దున్నే మీ ఇంటికి వచ్చి చూసి పెళ్లికి వెళతాను." నేను సరేనని తలూపి బస్సెక్కాక గానీ నాకు చెమటలు పట్టలేదు.

తొట్టి కోసం కూలర్లు చేసే దుకాణానికి పోయాను. ఇనుప రేకు పెట్టె, ముందు వైపు అద్దం, చుక్క కారకూడదు అని చెప్పాను. ఆయన కొలతలు రాసుకుని అడిగాడు.

"ఎన్ని చేపలు పెడుతవ్ బిడ్డా?"

"చేపలు పెట్టను."

"మరి తాబేలా?"

"ఏదీ లేదు. కంకర పోసి, మట్టి పరిచి, ఉప్పునీళ్లు పోసి, కింద పొయ్యి పెడుత."

ఆయన పెన్సిల్ చెవికి పెట్టుకున్నాడు. "ఉప్పు, పొయ్యి రెండు ఉన్నయి. చేపలు ఒక్కటే తక్కువ" అన్నాడు. ఆ తొట్టి ఆటోలో గల్లీలోకి దిగిన క్షణం నుంచి వచ్చిపోయే ప్రతి మనిషీ అదే ప్రశ్న. రెండు రోజులకు విసుగొచ్చి, "పన్నెండు" అని చెప్పడం మొదలుపెట్టాను. దాంతో ఆ పన్నెండు ఎక్కడ అని వెతకడానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు.

అడుగున కంకర పోశాను. అది రాతి పొర. దాని మీద కుమ్మరివాళ్ల దగ్గర తెచ్చిన మట్టి మెత్తి దిమ్మిస కొట్టాను. మట్టిని చీల్చుకుని ఎడమ వైపు ఒక సన్న గుట్ట, కుడి వైపు ఒక లావు గుట్ట, రెండూ కంకరవే. దొడ్డుప్పు కలిపిన నీళ్లు గుట్టల కొనల మీద రెండు వేళ్ల లోతు నిలిచేలా పోశాను. రెండు గుట్టలకూ మధ్యలో ఒక సన్న గొట్టం కంకర దాకా దించాను. అందులోంచి రంగు పోస్తే, అది ఏ గుట్టలోంచి బయటికొస్తే నీళ్లు అటే లేస్తున్నట్టు. సిరా పోసి చూస్తే అది ఎటు పోయిందో ఆనవాలే దొరకలేదు. ఘాటైన రంగు కావాలి. అద్దకం రంగు కోసం చందుర్తి మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను.

సిరిసిల్లలో చీరల నూలుకు రంగులద్దే చాచా మోచేతుల దాకా నీలంగా ఉన్నాడు.

"ఏ నూలుకు బిడ్డా?"

"నూలుకు కాదు చాచా, రాళ్లల్ల పోసే నీళ్లకు. రాళ్లకు పట్టొద్దు."

"పట్టని రంగా?" చాచా చేతిలో కర్ర పక్కన పెట్టాడు. "నా జిందగీ మొత్తం పట్టే రంగు కోసమే పోయింది. నువ్వచ్చి పట్టని రంగు అడుగుతున్నవా?"

సముద్రం సంగతంతా విని, నవ్వుతూనే కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. పైసలు తీసుకోనన్నాడు. సముద్రానికి రంగు వేసే గిరాకీ మొదటిసారి వచ్చిందట.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే కరెంటు పొయ్యి మీద తొట్టి పెట్టి, సన్నగా వేడి చేసి, స్నానానికి పోయాను. తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికి పక్కింటి చిన్నమ్మ మోచేతి దాకా నా సముద్రంలో ఉంది.

"చిన్నమ్మా! ఏం జేస్తున్నవ్?"

"బొట్టు పెడుతున్న. కొత్త మిషిని ఉత్తగనే షురూ జేస్తరా?"

వాకిట్లోంచి అమ్మ గొంతు. "నేనే పెట్టుమన్న బిడ్డా. కొత్త బండికి పెట్టమా? కొత్త బీరువాకు పెట్టమా?"

చూస్తే రెండు గుట్టల కొనల మీదా చెరొక పసుపు ముద్ద, బతుకమ్మ మీద గౌరమ్మను నిలబెట్టినట్టు. వాటికి పెట్టిన కుంకుమ నీళ్లలో నిలవలేదు, ఎర్రగా చెదిరి పోతోంది.

"రెండిటికి ఎందుకు పెట్టినవ్?"

"పెద్దదానికి పెట్టి చిన్నదానికి పెట్టకుంటే అలగదా?"

తీసేద్దామంటే గుట్ట కదిలి మట్టి లేస్తుంది. పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. నా కోపం పసుపు మీద కన్నా అమ్మ మీదే ఎక్కువ. పసుపు పెట్టాలని అంత ఉంటే తనే పెట్టొచ్చు. పెట్టదు. నాన్న పోయి పదేళ్లు. అప్పటి నుంచి పసుపు కుంకుమ ఉన్న చోట అమ్మ నిలబడదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరైనా అనకముందే తనే పోతుంది. పెళ్లికి వెళితే వంటల దగ్గర తేలుతుంది. దీని మీద నేను అమ్మతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్క లేదు, గెలిచింది ఒక్కసారీ లేదు.

తొమ్మిదింటికి గైడు గారు పట్టు పంచెలో దిగారు. గల్లీ మొత్తం వరండా ముందు చేరింది. అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "కానివ్వమ్మా" అన్నారు. చాచా పొట్లం విప్పి, నీళ్లలో కలిపి, గొట్టంలో పోశాను.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. నీలం ఎక్కడా లేదు. పైగా మట్టి కరిగి లేచి నీళ్లన్నీ చాయ్ రంగుకు తిరిగాయి. ఆ చాయ్‌లో ఏ రంగు పోసినా కనబడదు. గైడు గారు గడియారం చూసి "ఊఁ" అన్నారు. ఆయన "ఊఁ"ల్లో నాకు తెలిసి ఆరు రకాలున్నాయి. ఇది లేవబోయే ముందు అనేది. ఆరేళ్ల పని నా కళ్ల ముందే మురికినీళ్లయింది.

అప్పుడు చిన్నమ్మ కేక పెట్టింది.

"అక్కా! చిన్న గౌరమ్మ ఎర్రగైతున్నది సూడే!"

నిజమే. సన్న గుట్ట మీది పసుపు ముద్ద అంచుల నుంచి ఎర్రబడుతోంది. చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది. లావు గుట్ట మీది ముద్ద పచ్చగా అట్లాగే ఉంది.

"సున్నం ఎవ్వలు ఏయలే గదా!" అంది ఒకామె.

"ఎవ్వలు ఏయలే" అంది ఇంకొకామె. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని మా గల్లీలో తెలియనివాళ్లు లేరు. సున్నం లేకుండా ఎర్రబడిందంటే ఇక చెప్పేదేముంది? చెంపలు వేసుకున్నారు. ఎవరో అగరువత్తులు వెలిగించి నా కరెంటు పొయ్యి పక్కన గుచ్చారు.

నాకు బుర్రలో ఏదో తగిలి సిరిసిల్లకు ఫోన్ చేశాను. "చాచా, రంగుల ఇంకేమన్న కలిపినవా?"

"సోడా కలిపిన బిడ్డా. సోడా లేకుంట రంగు ఇచ్చుడు మా ఇంటా వంటా లేదు. నువ్వు పట్టొద్దన్నవ్ గని, నా పేరు పోదా?"

సోడా! బట్టలుతికే సోడా. మట్టిని లేపింది అదే, సున్నంలా పసుపును ఎర్రబరిచిందీ అదే. నేను గొట్టంలో పోసిన నీళ్లు సోడాను మోసుకుని ఎక్కడ బయటపడ్డాయో అక్కడే పసుపు ఎర్రబడింది. పెద్ద గుట్ట వైపు చుక్క కూడా రాలేదు. ఈ సంగతి గైడు గారికి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, పంచె ఎగ్గట్టి, తొట్టి మీదికి వంగారు. ఆరేళ్లలో నా పని మీదికి ఆయన వంగడం అదే మొదలు.

"బాగుంది" అన్నారు. నేను పెన్ను తీశాను. "కానీ కుంకుమ కూడా పెట్టారుగా? అది కరిగి ఎరుపెక్కి ఉండొచ్చు. పొయ్యి ఎడమ పక్క ఎక్కువ వేడిగా ఉండొచ్చు. మళ్లీ చెయ్యి. గుట్టలు అటూ ఇటూ మార్చు. కుంకుమ వద్దు, ఉత్త పసుపు. అదీ నువ్వు పెట్టకూడదు. ఏది ఎర్రబడాలో నీకు తెలుసు కనుక, నీ చెయ్యి దాని మీద పడకూడదు. ఇంకెవరైనా పెట్టాలి. నాలుగింటికి తిరిగొస్తాను. అప్పుడూ చిన్నదే ఎర్రబడితే సంతకం."

ఆయన కారు జగిత్యాల దారి పట్టింది. నేను పొయ్యి ఆపి, తొట్టి వంచడానికి చెయ్యి వేశాను. ఆడవాళ్లంతా ఒక్కసారి అడ్డం నిలబడ్డారు.

"గౌరమ్మ ఎలిసినంక కదిలిస్తరా?"

"గా సారుకేం తెల్వది. ఆయన మనదిక్కు మనిషి గాదు."

సోడా అన్నాను, రసాయనం అన్నాను, గొంతు చించుకున్నాను. సబ్బు తగిలితే కొంగు మీది పసుపు మరక ఎర్రబడదా అని అడిగాను. కొంగు వేరు, గౌరమ్మ వేరు అన్నారు. అప్పటికే ఒకామె కొబ్బరికాయతో వచ్చింది. పదకొండు దాటింది. కొబ్బరికాయ కొట్టడానికి నా అద్దం దగ్గర జాగా వెతుకుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆరేళ్లకు ఒక్కసారి నా లెక్క నిజమైతే, దాన్ని దేవతను చేసి నాకు దక్కకుండా చేస్తున్నారు.

అమ్మ అప్పటిదాకా గడప దగ్గరే నిలబడి ఉంది. నా ముఖం చూసి ముందుకొచ్చింది.

"గౌరమ్మను ఎవలన్న ఇంట్ల ఉంచుకుంటరా? తొమ్మిది దినాలు ఆడినా సాగనంపుతం గదా. సాగనంపుదాం పట్టుర్రి."

రెండు ముద్దలనూ తాంబాళంలో పెట్టి, బిందెడు నీళ్లలో కలిపి, వాకిట్లో మందార చెట్టు మొదట్లో పోశారు. పాట కూడా అందుకోబోతుంటే నేనే చేతులు జోడించి ఆపాను. తొట్టి ఖాళీ చేసి, కడిగి, మళ్లీ కంకర, మళ్లీ మట్టి, ఈసారి సన్న గుట్ట కుడి వైపు. రెండయ్యేసరికి నీళ్లు పోసి, పొయ్యి మళ్లీ వేశాను. ఇక పసుపు.

"చిన్నమ్మా, పెట్టు."

"కుంకుమ లేకుంట ఉత్త పసుపా? నా తోని గాదు" అంది చిన్నమ్మ. "అమ్మవారికి పరీక్ష పెట్టుడు కూడా నా తోని గాదు."

మిగతావాళ్లూ ఒక్కొక్కరూ వెనక్కి జరిగారు. నేను ముట్టుకోకూడదు. అబద్ధం ఆడొచ్చు, నేనే పెట్టి ఎవరో పెట్టారని చెప్పొచ్చు. ఆ ఆలోచన రాలేదని అంటే అది ఇంకో అబద్ధం. చేతులు కట్టుకుని నిలబడ్డాను. అమ్మ వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది, అడిగితే పోట్లాట అవుతుంది.

గిన్నె చప్పుడైంది. అమ్మ పసుపులో నీళ్లు కలుపుతోంది.

"రెండు సమానం ఉండాల్నా?" అంది, నన్ను చూడకుండానే.

"ఉండాలె."

బీడీకింత అని తంబాకు చిటికెతో కొలిచే వేళ్లవి. రెండు ముద్దలు చేసింది, త్రాసు పెట్టినా తేడా రాదు. తొట్టి అంచు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గల్లీ అంతా చూస్తోంది. తర్వాత చెయ్యి నీళ్లలోకి పోయింది. పెద్ద గుట్టకు ఒకటి, చిన్న గుట్టకు ఒకటి. పదేళ్ల తర్వాత అమ్మ చేతికి శుభానికి పసుపు అంటింది. నేను గెలవలేని పోట్లాటను మా గైడు గారి అనుమానం గెలిచింది.

నాలుగు దాటాక ఆయన పెళ్లి భోజనం చేసి, నోట్లో కిళ్లీతో వచ్చారు.

"పసుపు ఎవరు పెట్టారు?"

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నేనే సార్" అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"చక్కగా పెట్టారు. రెండూ ఒకే కొలత" అని ఆయన పొట్లంలో మిగిలిన రంగు కలిపి తన చేత్తోనే గొట్టంలో పోశారు.

మళ్లీ చాయ్ రంగు. మళ్లీ ఎదురుచూపు. ఉన్నట్టుండి అమ్మే అంది. "గీసారి కుడిదిక్కుది ఎర్రగైతది సార్."

"ఎట్లా తెలుసమ్మా మీకు?"

"చిన్నగుట్ట అటు మారింది గదా. పెద్దదాంట్ల కెల్లి సల్ల నీళ్లు శానా దిగుతయి, బరువుంటయి గదా. లోపట ఎచ్చగై తేలికైతయి. గాటిని ఎనుక నీళ్లు నూకుతయి. చిన్నదాంట్ల కెల్లి లేస్తయి. నా బిడ్డ చెప్పింది."

నేను చెప్పింది ఒక్కసారి. అది కూడా మధ్యలో కోపంతో లేచిపోయాను. ఆమె మాత్రం ఆకు కత్తిరిస్తూ మొత్తం వింది. అరగంటకు కుడి వైపు ముద్ద ఎర్రబడింది. ఎడమది పచ్చగానే ఉంది. గైడు గారు కుర్చీ చేతి మీద కాగితాలు పెట్టుకుని సంతకం చేశారు. పసుపు సంగతి ఎట్లా జరిగిందో అట్లాగే థీసిస్‌లో రాయమన్నారు. నేను అందరి ముందూ ముక్కు చీదుకుంటూ ఏడ్చాను, సిగ్గు కూడా అనిపించలేదు.

వారం తర్వాత అమ్మ వరండాలో బీడీలు చుడుతుంటే చిన్నమ్మ గేటు దగ్గర నిలబడింది.

"అక్కా, మా ఇంట్లకు కొత్త గ్రైండర్ అచ్చింది. జెర అచ్చి బొట్టు పెట్టవా?"

అమ్మ వేళ్లు ఆగాయి. "నేనా?"

"నువ్వే. నీ చెయ్యి పడితే మిషిని మాట ఇంటది."

అమ్మ చాట పక్కన పెట్టింది. లేచి, చేతులు రెండుసార్లు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నా దగ్గరికి వచ్చింది.

"ఉత్త పసుపేనా బిడ్డా, కుంకుమ గూడ పెట్టాల్నా?"

"రెండూ పెట్టమ్మా" అన్నాను.